ఖాళీ పేజీకి ప్రింటర్‌ను తిట్టకండి

సంపాదకులకు నమస్కారం.

పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీలో ఏది ఎక్కడ గీయాలో ప్రింటర్‌కు చెప్పే భాష) ఫైలు చేత్తో రాసేవాళ్లు పేజీ ఖాళీగా రాగానే ముందు ప్రింటర్‌ను అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు ఫైల్లోనే దొరుకుతుంది.

ఫైలు శాతం గుర్తు, దాని వెంటే ఆశ్చర్యార్థకంతో మొదలవ్వాలి. ఇవి లేకపోతే కొన్ని ప్రింటర్లు కోడ్‌నే మామూలు రాతనుకుని పేజీలకు పేజీలు అచ్చేస్తాయి. చివర పేజీని అచ్చుకు పంపే షోపేజ్ ఆదేశం మరిస్తే గీసిందంతా మెమరీలోనే ఉండిపోతుంది.

కొలత అంగుళానికి 72 పాయింట్లు. ఎ4 కాగితం సుమారు 595 వెడల్పు, 842 ఎత్తు. సున్నా ఉండేది ఎడమవైపు కింది మూలన. పైనుంచి లెక్కపెట్టే అలవాటుతో శీర్షికను 20 దగ్గర పెడితే అది పేజీ అడుగుకు పోతుంది. పొడుగు వాక్యాన్ని మడిచి కింది లైనుకు దించే పని, మాటలు అచ్చేసే షో ఆదేశం చేయదు. 595 దాటిన ముక్క కనబడదు, ఎర్రరూ రాదు!

అసలు చిక్కు బ్రాకెట్లతో. అచ్చు కావలసిన మాటలు బ్రాకెట్ల మధ్య రాస్తాం కదా, అందులో 'ఎ) ఇంట్రో' అని ఉందనుకోండి. ఎ పక్కనున్న బ్రాకెట్‌తోనే మాట ముగిసిపోయి, ఇంట్రో అనేది ఆదేశం కింద లెక్కయి, అన్‌డిఫైన్డ్ (ఆ పేరుతో ఆదేశం లేదు) అనే ఎర్రర్ వస్తుంది. ఆ బ్రాకెట్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. తెరిచిన బ్రాకెట్ మూయకపోతే ఇంకా ఘోరం, మిగతా ప్రోగ్రామంతా మాటల్లో కలిసిపోతుంది. జతగా ఉన్న బ్రాకెట్లకు ఏ బెడదా లేదు.

పెట్టెకు రంగు నింపి, అంచు కూడా గీయాలంటే ఫిల్ (రంగు నింపే ఆదేశం) తర్వాత నేరుగా స్ట్రోక్ (గీత గీసే ఆదేశం) రాస్తే అంచు రాదు. ఆ పెట్టెకు మనం గుర్తుపెట్టిన రేఖల దారిని ఫిల్ చెరిపేస్తుంది. ఫిల్‌కు ముందు ఆ దారిని దాచే జీసేవ్, తర్వాత దాన్ని తిరిగి తెచ్చే జీరిస్టోర్ పెట్టి, ఆపైన స్ట్రోక్ రాయాలి. అంగుళాల్లో గీద్దామని 72 72 స్కేల్ రాస్తే గీత మందం కూడా 72 రెట్లవుతుంది. సన్నగా ఉండాల్సిన గీత అంగుళం పట్టీ అయిపోతుంది, గీత మందం చెప్పే సెట్‌లైన్‌విడ్త్ తగ్గించుకోవాలి.

ప్రింటర్‌కు పంపేముందు, ఇలాంటి ఫైళ్లను కంప్యూటర్‌లోనే చూపే గోస్ట్‌స్క్రిప్ట్‌లో తెరిచి చూడటం మేలు. చాలా ప్రింటర్లు ఎర్రర్ వస్తే చెప్పకుండా ఆ పనినే వదిలేస్తాయి. గోస్ట్‌స్క్రిప్ట్ పేరు పెట్టి చెబుతుంది: నోకరెంట్‌పాయింట్ అంటే షోకో, గీతను సాగించే లైన్‌టుకో ముందు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే మూవ్‌టు లేదు, స్టాక్‌అండర్‌ఫ్లో అంటే ఆదేశానికి ముందు అంకె తగ్గింది, ఇన్‌వ్యాలిడ్‌ఫాంట్ అంటే చాలాసార్లు ఫాంటును ఎంచే సెట్‌ఫాంట్ మరిచినట్టే.

– ఒక పాఠకుడు