కాంటా చీటీ పారేయకండి

సంపాదకులకు,

బోగస్ జీఎస్టీ బిల్లుల మీద పన్నుల శాఖ దాడుల వార్తలు తరచూ చూస్తున్నాం. సరుకు లేకుండా బిల్లులు అమ్ముకునేవాళ్లను పట్టుకోవాల్సిందే. కానీ నిజంగా సరుకు దించుకుని, పన్నుతో సహా డబ్బు కట్టిన వరంగల్, కరీంనగర్ దుకాణదారులూ అదే వలలో పడుతున్నారు. పడ్డాక చాలామంది నోటీసులో అడిగింది ఒకటైతే జవాబు ఇంకోదానికి ఇస్తున్నారు.

నోటీసులు రెండు రకాలు. అమ్మినాయన పన్ను కట్టలేదన్నది ఒకటి. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే సెప్టెంబర్ 30 లోపు ఆయన 3బీ (పన్ను కట్టే రిటర్ను) వేయకపోతే, జీఎస్టీ 37ఏ రూల్ ప్రకారం నవంబర్ 30 లోపు ఆ క్రెడిట్, అంటే కొన్నప్పుడు ఇచ్చిన పన్ను కింద మనం తగ్గించుకున్న మొత్తం, వెనక్కి ఇచ్చేయాలి. ఆయన తర్వాత వేస్తే మళ్లీ తీసుకోవచ్చు. నష్టమే గానీ నింద లేదు. రెండోది అసలు సరుకే కదల్లేదు, కాగితమే కదిలిందనేది. ఇది మోసం ఆరోపణకు వాడే జీఎస్టీ చట్టం సెక్షన్ 74. 2024-25 లెక్కల నుంచి 74ఏ. 10 లక్షల ఇనుప సలాకల మీద తీసుకున్న 1.80 లక్షల క్రెడిట్ పోతుంది, వాడుకున్ననాటి నుంచి 18 శాతం వడ్డీ పడుతుంది, చివరిదాకా పోతే ఇంకో 1.80 లక్షల పెనాల్టీ.

దీనికి మనవాళ్లు ఇన్‌వాయిస్, బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టి ఊరుకుంటారు. చాలదు. బిల్లుల దందా చేసేవాళ్లూ డబ్బు బ్యాంకులోనే తిప్పుతారు, కమీషన్ పట్టుకుని మిగతాది నగదుగా తిరిగిస్తారు. ఈకామ్ గిల్ కాఫీ కేసులో 2023 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది కూడా ఇదే. అది జీఎస్టీకి ముందున్న కర్ణాటక వ్యాట్ పన్ను కేసే అయినా, బండి నంబరు, కిరాయి చెల్లింపు, సరుకు ముట్టిన రసీదు చూపమంది. జీఎస్టీలో సెక్షన్ 155 కూడా రుజువు బాధ్యత కొన్నవారి మీదే పెట్టింది.

హైదరాబాద్ నుంచి వరంగల్‌కు 20 టన్నుల సలాకలు వచ్చాయనుకోండి. ఈ-వేబిల్లులో (సరుకు రవాణా పత్రం) ఉన్న లారీ నంబరే కాంటా చీటీ (లారీని తూచినప్పుడు ఇచ్చే బరువు రసీదు) మీదా ఉండాలి. నిండు బరువు, ఖాళీ బరువు, తేదీ, టైము చూడండి. తేడా 20 టన్నులకు దగ్గరగా రావాలి. అదే రోజు గూడూరు, కోమళ్ల టోల్‌ప్లాజాల దగ్గర ఆ లారీ ఫాస్టాగ్ కోత ఉంటుంది, కిరాయి ఇచ్చేటప్పుడే ఓనర్ దగ్గర ఆ కాగితం తీసుకోండి. ఏడాది తర్వాత అడిగితే దొరకదు. హమాలీ కూలి చిట్టా, స్టాకు పుస్తకం, ఆ సలాకలు మీరు ఎవరికి అమ్మారో ఆ బిల్లులు కలిస్తే గొలుసు పూర్తవుతుంది. కాంటా చీటీలు ఎక్కువగా థర్మల్ కాగితం మీద వస్తాయి, కొన్ని నెలల్లో అక్షరాలు చెరిగిపోతాయి. ఆ రోజే జిరాక్స్ తీయాలి.

(ఎనుమాముల మార్కెట్‌లో రైతు దగ్గర కొన్న పత్తికి మిల్లువారే రివర్స్ చార్జ్ కింద, అంటే అమ్మినవారి బదులు కొన్నవారే, పన్ను కడతారు, అక్కడ ఈ పేచీ లేదు. ఆ తర్వాత పత్తి బేళ్లు వ్యాపారుల మధ్య చేతులు మారే దగ్గర ఉంది.)

కొనేరోజే జీఎస్టీ పోర్టల్‌లో అమ్మకందారు జీఎస్టీ నంబరు కొట్టి, రిజిస్ట్రేషన్ యాక్టివ్‌గా ఉందని, రిటర్నులు వేస్తున్నాడని చూపే పేజీని తేదీతో ప్రింటు తీయండి. తర్వాత ఆ రిజిస్ట్రేషన్‌ను పాత తేదీ నుంచి రద్దు చేస్తే మీకు మిగిలే సాక్ష్యం ఆ కాగితమే. జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను) వేస్తూ 3బీ ఆపినవాడితో బేరం మానుకోవడం మేలు.

అధికారులకూ ఒక మాట. ఆ రిజిస్ట్రేషన్ ఇచ్చింది శాఖే. కొన్ననాటికి రిజిస్ట్రేషన్ ఉన్నవారి దగ్గర నిజాయితీగా కొన్నవారికి క్రెడిట్ కాదనకూడదని ఢిల్లీ వ్యాట్ మీద శాంతి కిరణ్ కేసులో 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మకందారు చిరునామాలో లేడన్న ఒక్క లైనుతో 74 నోటీసు ఇవ్వడం సబబు కాదు. సరుకు కదల్లేదనడానికి ఏ ఆధారం ఉందో, ఎవరి వాంగ్మూలం ఉందో నోటీసుతోనే ఇవ్వాలి.

వ్యాపారులు మాత్రం పోర్టల్‌లో ‘అడిషనల్ నోటీసెస్ అండ్ ఆర్డర్స్’ ట్యాబ్ వారానికోసారి తెరవండి. కొన్ని నోటీసులు అక్కడే పడి ఉంటాయి. ఆర్డరు అందిన నాటి నుంచి అప్పీలుకు మూడు నెలలే గడువు, వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాలి.

– ఒక పన్ను సలహాదారు, హన్మకొండ