నలభై దాటిన ఆడవాళ్ల చావులూ లెక్కలోకి రావాలి

ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఉమ్మడి రాష్ట్రంలో 2004-06లో లక్ష సజీవ జననాలకు 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి మన రాష్ట్రంలో అది 45కి దిగింది. ఇందుకు ఆశా కార్యకర్తలకు చేతులెత్తి మొక్కాలి.

కానీ ఆ లెక్క కాన్పయిన 42 రోజులకే ఆగిపోతుంది. మా పిన్ని 46 ఏళ్లకే పోయింది. రొమ్ములో గడ్డ ఉన్నా ఏడాదిన్నర ఎవరికీ చెప్పలేదు. నొప్పి ముదిరాక కూడా "కోతలు అయిపోనీ, చూపించుకుంటాలే" అనేది. పోయాక పోపులపెట్టె వెనకాల బీపీ మాత్రల అట్ట దొరికింది. అందులో రెండే వాడింది.

బాలింత పోతే సమీక్ష జరుపుతారు కదా! అరవై లోపు ఏ ఆడమనిషి పోయినా అలాగే ఆరా తీయించండి. రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు ఊళ్లోనే, ఆడ సిబ్బందితో, కూలి నుంచి తిరిగొచ్చే సాయంత్రం వేళ పెట్టించండి.

ఇట్లు,
ఆమె చేతుల్లో పెరిగిన కూతురు