పాచికలు వేసి పాతాళం గీస్తున్నాం

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో సెలవుల్లో పిల్లల చేత ఏం ఆడించాలి అని వచ్చిన వ్యాసం చదివాను. చాలావరకు నచ్చింది, కానీ పాచికలతో ఆడే ఆటలు అదృష్టం మీద నడుస్తాయి కాబట్టి పిల్లల బుర్రకి పనుండదు అన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. పాచికలు అనగానే మనకి శకుని గుర్తొస్తాడు, ధర్మరాజు రాజ్యం పోగొట్టుకోవడం గుర్తొస్తుంది, అది సహజమే. కానీ మా ఇంట్లో ఏడాదిగా ప్రతి ఆదివారం పాచికలు పడుతున్నాయండి, అక్కడ ఎవరూ ఏమీ పోగొట్టుకోవట్లేదు, పైగా మా మేనల్లుడూ వాడి ముగ్గురు ఫ్రెండ్సూ కలిసి ఆ పాచికలతోనే నాలుగు అంతస్తుల పాతాళం ఒకటి గీశారు. దాని గురించి చెప్పాలనిపించి రాస్తున్నాను, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. బోర్డు ఉండాలనేం లేదు, ఒకరు కథ నడిపిస్తారు, వాళ్ళని డంజన్ మాస్టర్ అంటారు, మిగతావాళ్ళు తలో పాత్ర తీసుకుని నేను తలుపు తోస్తాను, నేను దివిటీ పట్టుకుంటాను అని చెప్తూ ఆడతారు, అనుమానం ఉన్నచోట పాచిక తేలుస్తుంది. డంజన్ అంటే డిక్షనరీలో చెరసాల అని ఉంటుంది కానీ ఈ ఆటలో అది భూమి కింద గదులు, సొరంగాలు, మెట్లు అన్నీ కలిసిన పెద్ద చిక్కుదారి. మన జానపద కథల్లో రాకుమారుడు బిలంలోకి దిగితే కింద ఇంకో లోకం ఉంటుంది చూడండి, అలాంటిదన్నమాట.

మరి అంత పెద్ద లోకం ముందుగా ఎవరు గీయాలి? వంద గదులు ఒక్కరే కూర్చుని ఆలోచించాలంటే పదో గదికే ఊహ అయిపోతుంది, ఆ తర్వాత అన్నీ ఒకేలా వస్తాయి. దీనికి గైగాక్స్ 1975లోనే ఒక దారి చూపించాడు, ఒంటరిగా ఆడుకునేవాళ్ళ కోసం పాచిక వేస్తూ పోతే దారి దానంతటదే గీసుకునేలా కొన్ని పట్టికలు రాశాడు, వాటినే పెంచి 1979లో వచ్చిన డంజన్ మాస్టర్స్ గైడ్ చివర మొదటి అనుబంధంగా పెట్టాడు. ఇప్పటికీ మేం వాడేది అదే.

పద్ధతి చెప్తాను. చిన్న క్లాసుల పిల్లల గళ్ళ లెక్కల నోట్‌బుక్ తీసుకోవాలి, ఒక గడి అంటే 10 అడుగులు. 20 ముఖాల పాచిక వేయాలి. 1 గానీ 2 గానీ పడితే దారి తిన్నగా పోతుంది, 3 నుంచి 5 వరకు తలుపు, 6 నుంచి 10 వరకు పక్కదారి, 11 నుంచి 13 మలుపు, 14 నుంచి 16 గది. 17 పడితే మెట్లు, 18 పడితే దారి అక్కడితో బంద్, 19 అంటే ఉచ్చు, 20 పడితే చీకట్లోంచి ఏదో ఎదురొస్తోందన్నమాట. గది పడితే అది ఎంత, ఏ ఆకారం అనేదానికి ఇంకో పట్టిక, అందులో ఏముందో చూడ్డానికి మరొకటి.

ఆ ఆఖరి పట్టిక గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. 20లో 12 వరకు ఏది పడినా గది ఖాళీ. అంటే నూటికి అరవై గదుల్లో ఏమీ ఉండదు! కొత్తగా డంజన్ గీసేవాళ్ళు ప్రతి గదిలో ఒక రాక్షసుణ్ణి, ఒక పెట్టెనీ పెట్టేస్తారు, నేనూ మొదట్లో అలాగే చేశాను, రెండు వారాలకి పిల్లలు తలుపు తీసేముందే కత్తి దూస్తున్నాం అనడం మొదలెట్టారు, ఇక భయం ఎక్కడుంది? ఖాళీ గదులు వచ్చాక తలుపు దగ్గర ఆగి చెవి పెట్టి వింటున్నారు, దుమ్ములో అడుగుజాడలున్నాయా అని అడుగుతున్నారు.

ఇప్పుడు ఇదంతా కంప్యూటర్ ఒక్క నొక్కుతో చేసి పెడుతుంది కదా అంటారు. నిజమే, 1980లో వచ్చిన రోగ్ అనే కంప్యూటర్ ఆటలోనే తెరని అడ్డం మూడు నిలువు మూడు తొమ్మిది భాగాలు చేసి, గదులు వేసి వాటిని సొరంగాలతో కలిపేవారు, ప్రతి ఆటకీ కొత్త డంజన్. ఇవాళ పిల్లల ఫోన్లలో ఉన్న ఎన్నో గేములకి అదే మూలం. నేనూ ఒకసారి టైం లేక ఒక వెబ్‌సైట్లో బటన్ నొక్కి నూటపాతిక గదుల మ్యాప్ తీసుకున్నాను, చూడ్డానికి ఎంత బాగుందో, ప్రింట్ తీసి అట్టకి అంటించాను కూడా. ఆట మొదలైన గంటకి మా వాడు "అత్తా, ఈ గది ఎందుకు కట్టారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఏ గదికీ లేదు. మ్యాప్ తయారైంది గానీ అది తయారవుతున్నప్పుడు నేను అక్కడ లేను కదండీ.

చేత్తో గీస్తే ఏమవుతుందో ఒక్క సంగతి చెప్తాను. మూడో అంతస్తు గీస్తుంటే పడమటి వైపు మూడుసార్లు 18 పడింది, మూడు సొరంగాలూ కొంచెం దూరం పోయి ఆగిపోయాయి. పిల్లలు డీలా పడ్డారు, ఇదేంటి ఆంటీ మళ్ళీ వేద్దాం అన్నారు. ఉండండి, ఎవరైనా ఇంత కష్టపడి తవ్వి మధ్యలో ఎందుకు వదిలేస్తారో చెప్పండి అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళలో ఒకబ్బాయి తాతగారిది ప్రకాశం జిల్లా, వాడన్నాడు, "మా తాతయ్య పొలంలో బోరు వేస్తే రెండుసార్లు నీళ్ళు పడక వదిలేశారు, వీళ్ళు కూడా నీళ్ళ కోసం తవ్వారేమో" అని. ఇక చూడండి, ఆ అంతస్తు మొత్తం మారిపోయింది. ఇక్కడ మనుషులు ఉండేవాళ్ళు, నీళ్ళు అయిపోయాయి, వెతుక్కున్నారు, మరి దొరికాయా? ఇంకో నాలుగు పాచికల తర్వాత గుండ్రటి గది పడింది. గుండ్రటి గది పడితే అందులో కోనేరుందా, బావి ఉందా, మామూలు గదేనా అని మళ్ళీ పాచిక వేయాలి, బావి రావాలంటే 6 గానీ 7 గానీ పడాలి. పాచిక బల్ల మీద దొర్లి ఉప్మా ప్లేటుకి తగిలి ఆగింది, 7! నలుగురూ లేచి అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు వచ్చి ఏమైందని అడిగారు. ఆ బావిని నోట్‌బుక్‌లో నీలం పెన్సిల్‌తో మా మేనల్లుడే దిద్దాడు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

ఇందులో అదృష్టం ఎంత, బుర్ర ఎంత మీరే చెప్పండి. పాచిక ఇచ్చింది మూడు మూసుకుపోయిన దారులూ ఒక బావీ అంతే, ఒక ఊరు దాహంతో ఖాళీ అయిపోవడం పిల్లలు ఇచ్చారు.

ఆమధ్య నంద్యాల జిల్లా బెలూం గుహలకి వెళ్ళినప్పుడు కూడా నాకు ఇదే తట్టింది. మొత్తం 3229 మీటర్ల పొడవు, అందులో కిలోమీటరున్నర దాకా మనల్ని తిరగనిస్తారు. ఒకచోట పెద్ద హాలులా ఉంటుంది, ఇంకోచోట నడుం వంచి దూరాలి, చూస్తే ఎవరో పాచికలు వేసి గీసినట్టే ఉంటుంది కానీ అదంతా సున్నపురాయిలో నీళ్ళు తొలుచుకుంటూ పోయిన దారి. ప్రతి వంపుకీ నీరే కారణం. మన కాగితం మీద డంజన్‌కి ఆ నీరు లేదు, ఆ పని ఆడేవాళ్ళే చెయ్యాలి.

పట్టికల్లో లోపాలు లేవని అనట్లేదు. పాచికల మీదే వదిలేస్తే దారులు చెట్టుకొమ్మల్లా చీలుతూ పోతాయి గానీ ఒకదాంతో ఒకటి పెద్దగా కలవవు, వెళ్ళినదారినే వెనక్కి రావాలి, పెద్ద డంజన్‌లో అది విసుగు. అందుకని అంతస్తు అయ్యాక మేం పెన్సిల్‌తో రెండు మూడు చోట్ల గదుల మధ్య రహస్య తలుపులు కలుపుతాం, చుట్టు తిరిగి శత్రువు వెనక నుంచి రావచ్చు, పారిపోవచ్చు. దారి కాగితం అంచు దాటిపోతే సరిపడేది వచ్చేదాకా మళ్ళీ వేసుకోమని, విచక్షణ వాడమని గైగాక్స్ కూడా రాశాడు. ఇంకోటి, నాలుగు అంతస్తులూ ఒకేసారి గీయకూడదు, ఆడినంత మేరా గీసి ఆపాలి, లేకపోతే పిల్లల మాటకి లోపల చోటుండదు.

మీకు నా మనవి ఏంటంటే, పిల్లల పేజీలో ఒక్క వారం పదాల ఆట ఆపి ఇలాంటి పట్టిక ఒకటి తెలుగులో వెయ్యండి. 20 ముఖాల పాచిక చాలా ఊళ్ళల్లో దొరకదు, దొరక్కపోయినా ఫరవాలేదు. 1979 ప్రాంతంలో అమెరికాలోనే పాచికల కొరత వస్తే ఆట పెట్టెలో అంకెల చీటీలు పెట్టి అమ్మారు. మన పిల్లలకి రాముడు సీత చీటీలు అలవాటే కదా, 1 నుంచి 20 దాకా రాసి గ్లాసులో వేసి తీసి మళ్ళీ వేస్తే సరి. లేదంటే అష్టాచెమ్మా గవ్వలు. నాలుగు గవ్వలు అటూ ఇటూ సమానంగా పడతాయనుకుంటే 16 రకాల్లో రెండు వెల్లకిలా పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, నాలుగూ వెల్లకిలా పడే చెమ్మా ఒకటే, నాలుగూ బోర్లా పడే అష్టా ఒకటే. కాబట్టి రెండు పడితే తిన్నగా దారి, ఒకటి పడితే మలుపు, మూడుకి గది, చెమ్మాకి కిందకి మెట్లు, అష్టా పడితే ఎవరూ ఊహించని పెద్ద హాలు. ఆటలో లాగే చెమ్మాకీ అష్టాకీ ఇంకో పందెం వెయ్యాలి, ఆ పందెం అక్కడ ఎవరున్నారో చెప్తుంది. మా పక్కింటి పాపతో ఇది ఆడి చూశాను, ఏడేళ్ళ పిల్ల, గంటన్నరలో పదకొండు గదులు గీసి ఒక్కోదానికీ కాపలాదారు పేరు పెట్టింది.

మీరు వేస్తానంటే పట్టిక మొత్తం శుభ్రంగా రాసి పోస్టులో పంపిస్తాను. మా వాళ్ళు ఈ ఆదివారం ఐదో అంతస్తుకి దిగుతున్నారు, దారి ఆ బావిలోంచే.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కాకినాడ