మడ అడవికి మేమూ కాపలా ఉంటాం

జిల్లా అటవీ అధికారి గారికి,

నమస్కారం. కాకినాడ దగ్గరి మా కోరింగ మడ అడవి 1978లో అభయారణ్యం అయింది. అంతకు ముందు నుంచే మా తాతలు ఆ పాయల్లో చేపలు పట్టుకుని బతికారు. మొన్న తెల్లవారుజామున పోటు తగ్గిన బురదలో చేపలు పట్టి తినే బావురుపిల్లి అడుగులు చూశాను. నీటి అంచు దాకా వెళ్లి ఆగిపోయాయి. పక్కనే మడచెట్టు ఊపిరివేళ్లకు చిక్కుకుని తెగిన నైలాను వల. అది మాలో ఎవరిదో అయి ఉంటుంది. సిగ్గేసింది, తీసుకొచ్చేశాను.

మడ మొక్కలు ఎక్కడ నాటాలో మమ్మల్ని అడగండి. పోటు నీరు సరిగా అందని చోట అవి నిలవవు, ఏ గట్టుకు నీరు ఎంత ఎక్కుతుందో మా ఆడవాళ్లకు బాగా తెలుసు. జనవరిలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. రాత్రి కాపలాకు మా కుర్రాళ్లు సిద్ధం. వాళ్లకు గుర్తింపు కార్డులు, టార్చిలైట్లు ఇప్పించండి.

ఇట్లు,
కోరింగ పాయల్లో వేట సాగించే ఒక మత్స్యకారుడు