బొమ్మ ముందు పది నిమిషాలు

తల్లిదండ్రులకు నమస్కారం.

బొమ్మ చూసి దాని అర్థం రాయమన్న ఏడో తరగతి డ్రాయింగ్ ప్రాజెక్టులో మార్కులు తగ్గాయని వారం రోజులుగా మీ గ్రూపుల్లో చర్చ నడుస్తోంది. "అభిప్రాయానికి మార్కులేమిటి?" అంటున్నారు. అడగాల్సిన ప్రశ్నే.

పిల్లలకిచ్చింది 19వ శతాబ్దపు యూరప్ చిత్రకారులు ప్రాచీన గ్రీకు బాణీలో వేసిన తరహా బొమ్మ. పాలరాతి బెంచీ మీద ఒక యువతి, ఒడిలో తాబేటి డొప్పతో చేసిన ఏడు తీగల లైర్ అనే గ్రీకు వాయిద్యం. మార్కులు పడింది బొమ్మలో చూపించిన ఆధారానికి. "ప్రియుడి కోసం ఎదురుచూస్తోంది" అని రాయొచ్చు, కానీ చూపు ఎటుందో, చేతులేం చేస్తున్నాయో కూడా రాయాలి కదా. లైర్‌ని ఎడమ మణికట్టుకు పట్టీతో ఆనించుకుని, కుడిచేత్తో మీటే బిళ్ల పట్టుకుంటారు. అక్కర్లేని తీగలు మోగకుండా ఎడమ వేళ్లు ఆపుతాయి. ఈ బొమ్మలో బిళ్ల దారానికి వేలాడుతోంది, ఎడమ వేళ్లు ఇంకా తీగల మీదే ఉన్నాయి. "పాట ఇప్పుడే ఆగింది" అని ఒక్క అబ్బాయి రాశాడు. ఎంత చక్కటి చూపు! వీణ నేర్చుకుంటున్న అమ్మాయి ఒకతె తీగల కింద బ్రిడ్జి లేదని పట్టేసింది. తీగ కదలికను డొప్పకు బిగించిన తోలుకు చేరవేసేది బ్రిడ్జే, అది లేని లైర్ సరిగా పలకదు. చిత్రకారుడికి వాయిద్యం ఆకారమే చాలిందన్నమాట. ఆ ఇద్దరికీ పూర్తి మార్కులు.

తెల్లబట్టలంటే పవిత్రత అని చాలామంది రాశారు. గ్రీకు శిల్పాలకు మొదట రంగులుండేవి. అవి చెరిగిపోయాక మిగిలిన తెలుపునే తరవాతివాళ్లు ప్రాచీనతకు గుర్తుగా తీసుకున్నారు. తలమీది ఆకుల దండ కూడా అంతే. లారెల్ ఆకు అయితే గ్రీకుల సంగీత దేవుడు అపోలోను తలపిస్తుంది, ఐవీ తీగ ఆకు అయితే ద్రాక్షసారా దేవుడు డయోనిసస్‌ను. ఆకు పోల్చకుండా అర్థం చెప్పలేం.

ఇక పద్నాలుగు నోటుపుస్తకాల్లో "సౌందర్య సామరస్యాల శాశ్వత సమ్మేళనం" అని ఒకే వాక్యం, అక్షరం పొల్లుపోకుండా. అది పన్నెండేళ్ల పిల్లల మాట కాదు. సాయం చేద్దామనే చేశారని తెలుసు. దయచేసి ఫోను చేతికివ్వకండి, పెన్ను మీరు తీసుకోకండి.

ఫీజు రెండో విడత, గుర్తింపు కార్డు ఫోటోలు, లైబ్రరీ పుస్తకాలు శనివారంలోగా.

తిరిగి రాయాలనుకునేవాళ్లకు బుధవారం దాకా గడువిచ్చాం. బొమ్మ ప్రింటు బ్యాగులోనే ఉంది. పది నిమిషాలు చూడనిచ్చి, ముందు కనిపించినవి పదిహేను రాయించండి, అర్థం ఆ తరవాతే. బెంచీ కింద విప్పిన చెప్పుల జతను ఇంతవరకు ఎవరూ రాయలేదు.

ప్రధానోపాధ్యాయురాలు