నాన్నా, హీటింగ్ ఎందుకు ఆగిపోయిందో దొరికింది

కేరీ, నార్త్ కరోలినా
ఆదివారం రాత్రి

నాన్నా,

నిన్న వీడియో కాల్‌లో పిల్లలిద్దరూ ఇంట్లోనే స్వెట్టర్లు, టోపీలతో తిరుగుతున్నారేంటని అమ్మ అడిగితే, ఏదో ఆటలే అని తప్పించాను. ఆట కాదు. హీటింగ్ పోయి అప్పటికి రెండో రోజు. రాత్రిళ్లు బయట మైనస్ 6, 7 డిగ్రీలు. చెబితే అమ్మకి నిద్ర పట్టదు, నువ్వేమో ఫోన్‌లోనే నాచేత వైరింగంతా విప్పిస్తావు. అందుకే బాగయ్యాక తీరిగ్గా రాద్దామని ఊరుకున్నా.

ఇక్కడి హీటింగ్ అంటే గీజర్ లాంటిది అనుకోకు. మన వైజాగ్ ఎంవీపీ కాలనీ ఇంట్లో ఏసీ ఉందే, దాన్నే తిరగేసినట్టు. ఏసీ లోపలి వేడిని బయట పారబోస్తుంది, ఇది చలికాలంలో బయటి గాలిలో ఉన్న కాస్త వేడినీ లాగి ఇంట్లోకి తెస్తుంది. గ్యాస్ దారి మార్చే రివర్సింగ్ వాల్వ్ ఒకటి ఉంటుంది, అది అటు తిరిగితే ఏసీ, ఇటు తిరిగితే హీటరు. హీట్ పంప్ అంటారు. కాయిల్ ఎర్రగా కాలి ఇచ్చే వేడికి రెండు మూడు రెట్లు అదే కరెంటుతో ఇస్తుంది. చలి మరీ ముదిరితే సాయానికి లోపల కాయిల్స్ కూడా ఉంటాయి. మాకు అవి కూడా రాలేదు. అసలు అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

శుక్రవారం పొద్దున లేచేసరికి గోడ మీద థర్మోస్టాట్ స్క్రీన్ నల్లగా ఉంది. ఫోన్ చేస్తే ఒక మెకానిక్ వచ్చాడు, బయటి యూనిట్ మీద తయారైన తారీఖు చూశాడు, పదిహేనేళ్లది కదా, మార్చేయండి, 12 వేల డాలర్లవుతుంది అన్నాడు. మూత కూడా తియ్యలేదు నాన్నా! నాకు ఒళ్లు మండింది. స్టీల్ ప్లాంట్ నుంచి వచ్చి అన్నం తింటూ నువ్వు చెప్పే కబుర్లన్నీ ఒకటే కదా, సప్లై ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ ఆగింది. సరే, అదే చూద్దాం అనుకుని మీటరు పట్టుకుని లోపలి యూనిట్ ఉన్న అటక ఎక్కాను. మీ అల్లుడు కింద నిచ్చెన పట్టుకుని ‘వద్దు, వద్దు’ అంటూనే ఉన్నాడు.

బ్రేకర్లు రెండు, లోపలి యూనిట్‌కి ఒకటి, బయటి దానికి ఒకటి. రెండూ ఆన్‌లోనే ఉన్నాయి. లోపలి యూనిట్‌లోకి 240 వోల్టులు వస్తోంది. పక్కనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్, దాన్ని 24కి దించుతుంది. థర్మోస్టాట్, బయటి యూనిట్‌ని ఆన్ చేసే స్విచ్చు లాంటి కాంటాక్టర్, అన్నీ ఆ 24 మీదే బతుకుతాయి. మీటర్లో 26 చూపించింది, అంటే ట్రాన్స్‌ఫార్మర్ బాగుంది. బోర్డు మీద ఫ్యూజు దాటాక చూస్తే సున్నా. కార్లలో ఉండే ఊదారంగు 3 ఆంపియర్ల బిళ్ల ఫ్యూజే. ఆపేసి పీకి చూస్తే మధ్యలో తీగ కాలిపోయి నల్లగా మసి. కార్ల విడిభాగాల షాపులో ఐదు ఫ్యూజులు తెచ్చా, చాలా గొప్పగా ఒకటి పెట్టి బ్రేకర్ వేశా. టప్. ఇంకోటి పెట్టా, అదీ టప్.

అప్పుడు గుర్తొచ్చింది నీ సీరీస్ బల్బు, సప్లైకీ వస్తువుకీ మధ్యలో కలిపేది. ఇస్త్రీ పెట్టె బాగు చేసేటప్పుడు బల్బు నిండుగా వెలిగితే ‘షార్టు ఉందమ్మా, ప్లగ్గులో పెట్టకు’ అనేవాడివి. ఇక్కడ బల్బు లేదు గానీ మీటర్లో కంటిన్యూటీ ఉంది, రెండు వైర్లు ఎక్కడైనా కలిసిపోయి ఉంటే అరుస్తుంది. బ్రేకర్లు రెండూ ఆఫ్ చేశాకే ముట్టుకున్నా, కంగారుపడకు. థర్మోస్టాట్‌కి వెళ్లే వైర్లు, బయటికి వెళ్లే వైర్లు అన్నీ బోర్డు నుంచి విప్పేసి, మూడో ఫ్యూజు పెట్టి బ్రేకర్ వేస్తే నిలబడింది. థర్మోస్టాట్ వైర్లు కలిపితే కూడా నిలబడింది, స్క్రీన్ వెలిగింది. ఇక మిగిలింది బయటికి పోయే కేబులే. మళ్లీ అంతా ఆపేసి, దాన్ని బయటి యూనిట్ దగ్గర కూడా విప్పి, ఎర్ర వైరుకీ నీలం వైరుకీ మీటరు పెడితే కుయ్‌మని అరిచింది.

చెయ్యి తగిలితే అతుక్కుపోయేంత చల్లగా ఉంది ఆ రేకు. కేబులు లోపలికి వెళ్లే కన్నానికి, దాన్ని కదలకుండా పట్టి ఉంచే గ్లాండు లేదు, రబ్బరు బుష్షైనా లేదు. ఇన్నేళ్లూ కంప్రెసర్ అదురుకి రేకు అంచు వైరు తోలు కొంచెం కొంచెంగా కోసేసింది. ఎర్రది, నీలం రెండూ గోటి వెడల్పున ఒలిచినట్టయి, రాగి రాగికి ఆనుకుని ఉంది. గ్లాండు పెట్టని కాంట్రాక్టర్లని నువ్వు తిట్టే తిట్లు నేనూ తిట్టా, తెలుగులోనే, పక్కింటివాళ్లకి అర్థం కాదుగా. పాడైన ముక్క కోసేసి, కొత్తగా జాయింట్లు వేసి, కన్నానికి బుష్షు పెట్టాను.

బ్రేకర్ వేశాక వెంటనే ఏమీ జరగలేదు. కంప్రెసర్ వెంటవెంటనే స్టార్టయి పాడవకుండా అయిదు నిమిషాలు ఆగేలా పెడతారు. ఆ అయిదు నిమిషాలూ మీ అల్లుడు నా మొహం, నేను థర్మోస్టాట్ మొహం చూస్తూ కూర్చున్నాం. హుద్‌హుద్ తుఫాను అప్పుడు, 2014లో, కరెంటు ఎప్పుడొస్తుందా అని ఫ్యాన్ వైపే చూస్తూ పడుకున్నాం గుర్తుందా, అలాగే. బయట ఠక్‌మని కాంటాక్టర్ పడింది, ఫ్యాన్ తిరిగింది, కాసేపటికి కాళ్ల దగ్గర వెచ్చగాలి.

ఇంకో సంగతి. హాల్లో ఏసీ బయటి యూనిట్ గుర్రుమంటోంది, ఫ్యాన్ తిరగట్లేదు, కర్రతో తోస్తే తిరుగుతోంది అని అమ్మ చెప్పింది. అది చాలావరకు మోటారు తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటరే అయ్యుంటుంది. కర్రతో తోయడం ఆపు ముందు. స్విచ్ ఆపినా అందులో చార్జి ఉంటుందని నీకు నేను చెప్పేదేంటి గానీ, ఇప్పుడు నీకు డెబ్బై దాటాయి, మేడ మీద పిట్టగోడ దగ్గర స్టూలెక్కి ఆ పని నువ్వు చెయ్యకు, మెకానిక్‌ని పిలిపించు. పాత దాని మీద ఎన్ని మైక్రోఫారడ్లని ఉంటే కొత్తదీ అంతే ఉండాలి, అది మాత్రం దగ్గరుండి చూడు. సముద్రపు గాలికి ఆ టెర్మినల్స్ కూడా తుప్పు పట్టే ఉంటాయి, గీకించు.

ఈ ఉత్తరం అమ్మకి మొత్తం చదివి వినిపించకు. పిల్లలు టోపీలు తీసేశారని చెప్పు చాలు.

నీ
చిన్నమ్మాయి