డెడ్‌వుడ్ కొండ మీద సమాధులు

ఒరేయ్ సూరీ,

ఫోన్‌లో చెబితే రెండు ముక్కల్లో తేలిపోతుందని కూర్చుని రాస్తున్నాను. పోయిన వారం సౌత్ డకోటా వెళ్లాం. అమెరికా అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ కొండ చూసుకుని, అక్కణ్ణుంచి గంట దూరంలో ఉన్న డెడ్‌వుడ్‌కి పోయాం. పట్టుమని పదిహేను వందల మంది కూడా లేని ఊరు. దాని నెత్తిన కొండ మీద మౌంట్ మొరయా శ్మశానం. ఇంటికొచ్చినా మనసింకా అక్కడే ఉందిరా.

ఆ నేల అసలు లకోటా అనే అమెరికా ఆదివాసులది. 1868లో అమెరికా ప్రభుత్వం వాళ్లదేనని ఒప్పందం రాసిచ్చింది. తీరా బంగారం ఉందని తెలిశాక జనం ఎగబడ్డారు, 1876కల్లా ఊరు లేచింది. ఆ ఆగస్టులోనే, తుపాకీ పేల్చడంలో పేరుమోసిన వైల్డ్ బిల్ హికాక్ పేకాడుతుంటే వెనకనుంచి కాల్చి చంపారు. ముందు కింద వేరే చోట పాతిపెట్టారు. ఊరు పెరిగి ఆ స్థలం కావలసి వచ్చి, 1879లో తవ్వి తీసి ఈ కొండ మీదికి మార్చారు. ఆ రోజుల్లో అతనిలాగే పేరుమోసిన ఆవిడ, 1903లో పోయిన కలామిటీ జేన్ సమాధి ఆ పక్కనే. వచ్చిన జనమంతా అక్కడే, ఫొటోల కోసం.

నేను ఇంకొంచెం తిరిగాను. ఒకచోట యూదుల సమాధులు, రాళ్ల మీద హీబ్రూ అక్షరాలు. చైనా వాళ్ల భాగానికి వచ్చేసరికి రాళ్లే పెద్దగా లేవు, గడ్డీ పైన్ ఆకులూ తప్ప. బంగారం రోజుల్లో వచ్చి లాండ్రీలూ కొట్లూ పెట్టుకుని బతికినవాళ్లు. పోయినవాళ్లను అక్కడే పాతిపెట్టి, కొన్నేళ్లయ్యాక ఎముకలు తీసి, చాలామందివి చైనాలో సొంతూళ్లకు పంపేవాళ్లట. పోయినవాళ్ల పేరిట కాగితాలు కాల్చే పొయ్యి లాంటి కట్టడాన్ని మళ్లీ కట్టి ఉంచారు. దాని నోట్లోకి తొంగి చూశాను. లోపల ఎండుటాకులు.

నాకు మా బాబాయి గుర్తొచ్చాడు. ఇక్కడ పోతే అస్థికల డబ్బా విమానంలో దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకుని తెచ్చాను. కాళ్ల దగ్గర పెట్టడానికి మనసొప్పలేదు. రాజమండ్రిలో నువ్వే పడవ మాట్లాడి పెట్టావు. ఆ పడవతను డబ్బు తీసుకోకుండా, "అంత దూరం నుంచి తెచ్చారు కదండీ, నడిమధ్యకి తీసుకెళ్తాను" అన్నాడు.

అతనింకా కోటిలింగాల రేవులోనే ఉన్నాడా? ఈసారి వెళ్లినప్పుడు కనుక్కుని రాయరా.

నీ
రాంబాబు